మహేంద్రగిరి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

మహేంద్రగిరి ఎక్కి వచ్చి నువ్వు రాసి పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. నీకు రాయడం వచ్చు. వాక్యాన్ని ఎక్కడ ఆపాలో తెలుసు, నీ వయసుకి అది పెద్ద సంగతే. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను. అందులో నువ్వున్నావు, నీ ఆయాసం ఉంది, కొత్త బూట్లు కరిచిన సంగతి ఉంది, శిఖరం మీద దిగిన ఫోటో ఉంది. కొండ మాత్రం మసగ్గా ఉంది. కొండ కింద బతికేవాళ్లయితే అసలే కనపడలేదు.

శ్రీకాకుళం జిల్లా మందస బస్టాండు దగ్గర మొదలుపెట్టావు. ఆ మొదలు తీసెయ్. బారువ సముద్రపు ఒడ్డు నుంచి మొదలుపెట్టు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లని రాశావు. బాగుంది. ఆ ఎత్తుని కొలవడం మొదలయ్యే సముద్రం అక్కడికి పక్షి ఎగిరే దారిలో సుమారు పాతిక కిలోమీటర్లే. ఇంతటి కొండ ఇంత దగ్గర్లో సముద్రాన్ని చూస్తూ నిలబడటం మన తీరంలో అరుదు. ఆ సముద్రాన్ని నువ్వు శిఖరం మీదికి చేరాక, చివరి పేరాలో, "దూరంగా నీలి గీత" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు చాలా బాధనిపించింది.

ఈసారి వచ్చినప్పుడు సోంపేటలో రైలు దిగి నేరుగా బారువ వెళ్లు. రాత్రికి అక్కడే ఉండు. తెల్లవారకముందే మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లు, అక్కడ చెట్లు అంతగా అడ్డం రావు. అందరూ సూర్యోదయం కోసం తూర్పుకి తిరుగుతారు. నువ్వు సముద్రానికి వీపు పెట్టి పడమటికి చూడు. నీ కాళ్ల కింద ఇసక ఇంకా బూడిదరంగులో ఉండగానే కొండ కొసకి ఎరుపు తగులుతుంది. ఆ ఎత్తుకి సూర్యుడు మనకన్నా నాలుగైదు నిమిషాలు ముందే కనిపిస్తాడు. ఆ ఎరుపు వాలు మీదుగా కిందికి జారి కొబ్బరి మట్టల కొసలకి చేరేసరికి నీ వీపుకి వెచ్చదనం తెలుస్తుంది. పక్కన పారే నీళ్లు ఆ కొండ మీద పుట్టినవే. వేసవిలో వెళ్లకు, మసకకి కొండే కనిపించదు. కార్తీకం నుంచి మాఘం లోపల వెళ్లు, లేకపోతే వాన వెలిసిన మర్నాడు.

ఆ తర్వాత పడవల దగ్గరికి నడువు. వేట నుంచి వచ్చి చేపలు దించుతున్న వేళ ఎవరినీ పలకరించకు, అది వాళ్ల కూటికి సంబంధించిన గంట. ఎండ ఎక్కాక వల బాగుచేసుకుంటూ కూర్చున్న పెద్దాయన ఎవరైనా ఉంటే పక్కన కూర్చో. నోట్‌బుక్ అప్పుడే బయటికి తియ్యకు. జీపీఎస్ రాకముందు నడిసముద్రంలో చేపలుండే చోటు ఎలా పట్టేవారో అడుగు. ఒడ్డున ఉన్న ఓ తాడిచెట్టో గుడో లైట్‌హౌసో, దాని వెనక దూరాన కొండ కొస, రెండూ ఒకే వరసలోకి వచ్చేదాకా పడవ నడిపేవారు. మరో పక్క అలాంటిదే ఇంకో జత. ఆ రెండు వరసలూ కలిసిన చోటే వాళ్లకి కావలసిన చోటు. మబ్బు కమ్మి కొండ కనపడని రోజు ఏం చేసేవారో కూడా అడుగు. ఆ కొండని తన పనిలో భాగంగా రోజూ చూసిన మనిషి చెప్పే నాలుగు మాటలు, మనం శిఖరం మీద నిలబడి రాసుకునే నాలుగు పేజీల కన్నా విలువైనవి. నేను నిజంగా అలాగే నమ్ముతాను. ఆయన మాటని ఆయన యాసలోనే రాయి, పుస్తకాల భాషలోకి దిద్దకు.

నడక గురించి ఎక్కువ చెప్పను, నడిచావు కాబట్టి నీకే తెలుసు. కానీ "వాతావరణం ఆహ్లాదకరంగా ఉంది" లాంటి వాక్యాన్ని మాత్రం ఒప్పుకోను. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు చల్లబడుతుంది. అంటే కింద ఉక్కపోతలో బయల్దేరిన నువ్వు పైకి వచ్చేసరికి కిందికన్నా ఎనిమిది తొమ్మిది డిగ్రీలు తక్కువున్న గాలిలోకి అడుగుపెట్టావు. సముద్రం మీది తడిగాలి ఆ వాలుకి కొట్టుకుని పైకి లేస్తుంది, లేచిన కొద్దీ చల్లారి మబ్బవుతుంది. కింద ఊళ్లో ఎండ కాస్తుంటే పైన మబ్బు కూర్చునేది అందుకే. ఆ మబ్బులోంచి నడిచావు కదా, కనుబొమల వెంట్రుకలకి నీటి చుక్కలు పట్టలేదూ? జేబులో అగ్గిపెట్టె మెత్తబడలేదూ? అవి రాయి. చదివేవాడికి చలి వేస్తుంది.

ఇక నాకు కోపం తెప్పించిన చోటు. "అమాయక గిరిజనులు" అని రాశావు. నిన్ను అడవిలో దారి తప్పకుండా తీసుకెళ్లి తీసుకొచ్చిన సవర యువకుడు అమాయకుడా? ఏ రాయి మీద అడుగేస్తే జారుతుందో, ఏ చెలమలో నీళ్లు తాగొచ్చో నీకు చెప్పినవాడు ఆ దారికి పండితుడు. అతను నీ వ్యాసంలో "మా గైడ్" మాత్రమే. అతని ఇష్టం కనుక్కుని పేరు రాయి, వద్దంటే మానెయ్. అతను వెనక్కి తిరిగి నీతో ఏమన్నాడో రాయి. వాళ్ల ఆడవాళ్లు కొండచీపుళ్లు, చింతపండు నెత్తిన పెట్టుకుని ఆ దారినే సంతకి దిగుతారు. నువ్వు సాహసం అన్న దారి వాళ్లకి సంత దారి. ఈ సంగతి నీ వ్యాసంలోకి వస్తే దాని స్వరమే మారిపోతుంది.

మన గిడుగు రామమూర్తిగారు ఈ చుట్టుపక్కల కొండల్లోనే తిరిగారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలతో కలిసి మెలిసి వాళ్ల భాష నేర్చుకున్నారు. జ్వరాలు పట్టుకున్నాయి, క్వినైన్ వాడీ వాడీ వినికిడి దెబ్బతింది. అయినా వదల్లేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. చెవులు సరిగ్గా వినపడని మనిషి ఇంకొకరి మాటని అంత శ్రద్ధగా విని రాసుకున్నాడు. ఆ కొండ ఎక్కి వచ్చి రాసేటప్పుడు ఆయన్ని ఓసారి తలుచుకో.

గుళ్ల విషయం. "పాండవులు కట్టిన అయిదువేల ఏళ్ల నాటి గుడులు" అని ధీమాగా రాసేశావు. కుంతి గుడి, ధర్మరాజు గుడి, భీముడి గుడి అని అక్కడి జనం చెప్పుకుంటారు, ఆ నమ్మకాన్ని గౌరవంగా రాయి. దాని పక్కనే చరిత్ర కూడా రాయి. కళింగనగరం, అంటే మన ముఖలింగం, రాజధానిగా ఏలిన తూర్పు గాంగులు తమ రాగిరేకుల శాసనాల్లో మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుణ్ని కులదైవంగా చెప్పుకున్నారు. 11వ శతాబ్దంలో రాజేంద్ర చోళుడి సేనలు ఇంతదూరం వచ్చి ఆ కొండ మీద శాసనం చెక్కించాయి. తంజావూరు నుంచి వచ్చినవాళ్లు గెలుపు గుర్తు పెట్టడానికి ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించు. నమ్మకం, చరిత్ర రెండూ పక్కపక్కన ఉంటే పాఠకుడికి ఏదీ తగ్గదు. భీముడి గుడి దగ్గర ఇంకాసేపు ఆగు. చిన్న గుడే, రాళ్లు మాత్రం భారీవి. ఒక్కో రాయి ఎన్ని జానలుందో చేత్తో కొలిచి రాసుకో. "బ్రహ్మాండమైన శిల్పకళ" అనే మాట దాంతో అవసరం లేకుండా పోతుంది.

మరో జాగ్రత్త. శిఖరం ఏ రాష్ట్రానిదో తేడా రాకుండా రాయి. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడితో పాటు ఆ శిఖరమూ అటు వెళ్లింది, ఇప్పుడది గజపతి జిల్లా. మందస మనకి మిగిలింది. శివరాత్రికి మాత్రం రెండు వైపుల నుంచీ జనం ఎక్కుతారు. 2022లో ఒడిశా ప్రభుత్వం ఆ కొండని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. కాబట్టి మూలికల గురించి రాసేటప్పుడు ఏ మొక్క ఏ బండ పక్కన దొరుకుతుందో ఆనవాళ్లతో సహా రాయకు. నీ వ్యాసం చదివి సంచి పట్టుకుని బయల్దేరేవాళ్లుంటారు.

శిఖరం మీది నుంచి కిందికి చూసి "ఆకుపచ్చ తివాచీ" అన్నావు. అది ఉద్దానం అనే తోటల ప్రాంతం. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అక్కడి కొబ్బరి చెట్లు వేలకి వేలు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. అంత పచ్చగా కనిపించే ఆ ఊళ్లలో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేస్తోంది, ప్రతి వీధిలోనూ డయాలసిస్ మాట వినిపిస్తుంది. ఇవన్నీ కలిపి పెద్ద వ్యాసం చెయ్యమనడం లేదు. పైనుంచి చూసిన పచ్చదనం గురించి రాసేముందు దిగివచ్చి ఒక్క తోటలో, ఒక్క రైతుతో కాసేపు మాట్లాడు. ఆ మాట అక్కడ రెండు వాక్యాల్లో వస్తే చాలు.

దిగడం గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. మోకాళ్లు వణికేది అప్పుడే, మనుషులతో తీరిగ్గా మాటలు కలిసేదీ అప్పుడే. ఆ భాగం చేర్చు.

శివరాత్రికి ముందే రెండో ప్రతి పంపు. పొడుగు గురించి టెన్షన్ పడకు, కొయ్యడం తర్వాత ఇద్దరం కూర్చుని చూసుకుందాం. ఫోటోలు మాత్రం ఇప్పుడే పంపొద్దు. రాసింది చదివాక చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య