జనరల్ ప్లాన్ మీటింగుకు వెళ్తే నిజంగా వింటారా?

కాలిఫోర్నియాలో మీ సిటీ కొత్త జనరల్ ప్లాన్, అంటే ఊరు ముందుముందు ఎలా పెరగాలో చెప్పే ప్రణాళిక, తయారుచేస్తోందని పోస్టులో కార్డు వచ్చిందన్నారు. వీసా మీద ఉన్నవాళ్ళు వెళ్ళి మాట్లాడితే పనవుతుందా, అసలు నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది అని అడిగారు. మా ఊళ్ళో ఇలాంటి ప్లాన్ తయారైనప్పుడు నేను సలహా కమిటీలో ఉన్నాను. అక్కడ చూసింది చెబుతాను.

పనవుతుంది. కాకపోతే ఎప్పుడు వెళ్తారన్నదే ముఖ్యం. జనం కిక్కిరిసిపోయే ఆఖరి కౌన్సిల్ మీటింగు నాటికి అసలు విషయాలు దాదాపు తేలిపోయి ఉంటాయి.

చట్టం ప్రకారం నిర్ణయం సిటీ కౌన్సిల్‌దే. ముందు ప్లానింగ్ కమిషన్ సిఫారసు చేస్తుంది, తర్వాత కౌన్సిల్ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా ఓటేస్తే ప్లాన్ పాసైనట్టే. ఐదుగురున్న కౌన్సిల్లో ముగ్గురు చాలు. అయితే చాలా ఊళ్ళలో కౌన్సిల్ సభ్యులు పార్ట్‌టైమ్, పగలు వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళకుంటాయి. వందల పేజీల డ్రాఫ్టు రాసేది ప్లానింగ్ స్టాఫ్, వాళ్ళు పెట్టుకున్న కన్సల్టెంట్లు. అందుకే నా సలహా, కౌన్సిల్ సభ్యుడి కంటే ముందు ఆ ప్రాజెక్టు చూసే ప్లానర్‌ని పరిచయం చేసుకోండి.

కౌన్సిల్ చేతులు పూర్తిగా స్వేచ్ఛగా కూడా ఉండవు. ల్యాండ్ యూజ్, సర్క్యులేషన్ అంటే రోడ్లూ రాకపోకలూ, హౌసింగ్, కన్సర్వేషన్, ఓపెన్ స్పేస్, నాయిస్, సేఫ్టీ, ఈ ఏడు భాగాలూ ప్లాన్‌లో ఉండాల్సిందేనని రాష్ట్ర చట్టం చెబుతోంది. వీటిని ఎలిమెంట్లు అంటారు. కాలుష్యం ఎక్కువగా ఉన్న పేద పేటలుంటే పర్యావరణ న్యాయం గురించి కూడా రాయాలని 2016లో చట్టం చేశారు. వీటిలో హౌసింగ్ దగ్గర సిటీకి స్వేచ్ఛ అన్నిటికన్నా తక్కువ. చాలాచోట్ల 8 ఏళ్ళకోసారి, మీ వంతుగా ఇన్ని ఇళ్ళకు చోటు చూపించండి అని పైనుంచి సంఖ్య వస్తుంది. సిటీ రాసిన హౌసింగ్ భాగం అందుకు సరిపోయిందో లేదో రాష్ట్ర హౌసింగ్ శాఖ చూస్తుంది. సరిపోకపోతే, తక్కువ ఆదాయం వాళ్ళకు కొన్ని ఇళ్ళు కేటాయించే ప్రాజెక్టును జోనింగ్‌కు, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చన్న సిటీ నిబంధనలకు, సరిపోలేదన్న కారణంతో ఆపడం సిటీకి కష్టమవుతుంది. దీన్నే బిల్డర్స్ రెమెడీ అంటారు. 'మా ఊళ్ళో అపార్ట్‌మెంట్లు రానివ్వం' అని ఎన్నికల్లో చెప్పే అభ్యర్థిని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎన్ని ఇళ్ళన్నది వాళ్ళ చేతిలో లేదు. ఎక్కడన్నది మాత్రం చాలావరకు ఉంది.

ఆ 'ఎక్కడ' అన్నదాని మీదే అసలు పోరాటం. మా ఊళ్ళో స్టాఫ్ వేర్వేరు మ్యాపులు తెచ్చారు. ఒకదాంట్లో ఎత్తు భవనాలు పెద్ద రోడ్డు పొడవునా, ఇంకోదాంట్లో రైలు స్టేషన్ చుట్టూ, మరోదాంట్లో పాతబడ్డ షాపింగ్ సెంటర్ల స్థలాల్లో. ఆ వర్క్‌షాపులకు వచ్చినవాళ్ళు బల్లకు నలుగురైదుగురు మించి లేరు. ఒక పెద్దావిడ తన అపార్ట్‌మెంట్ల నుంచి స్కూలుకు వెళ్ళే దారిలో ఒక ముక్కకు సైడ్‌వాక్ లేదని, పిల్లలు కార్ల పక్కనే నడుస్తున్నారని మ్యాపు మీద వేలు పెట్టి చూపించారు. తర్వాతి డ్రాఫ్టులో ఆ ముక్క సర్క్యులేషన్ ఎలిమెంట్‌లోకి వచ్చింది. ఆవిడ గట్టిగా మాట్లాడలేదు, వాదించలేదు. సరైన దశలో సరైన చోటు చూపించారు, అంతే.

ఆఖరి రాత్రి కథ వేరు. హాలు నిండిపోయింది, మాట్లాడే టైము మనిషికి మూడు నిమిషాల నుంచి ఒక నిమిషానికి తగ్గించారు. ఎక్కువమంది ట్రాఫిక్ గురించే చెప్పారు. వాళ్ళ బాధ నిజమే. కానీ పర్యావరణ ప్రభావ నివేదిక అప్పటికే ఆ మ్యాపు మీద తయారైపోయింది. మ్యాపు గణనీయంగా మారిస్తే ఆ నివేదికలో కొంత మళ్ళీ చేయాల్సి రావచ్చు. పైగా కమిషన్ పరిశీలించని పెద్ద మార్పును కౌన్సిల్ తనంతట తాను పెట్టేయలేదు, ముందు కమిషన్‌కు తిప్పి పంపాలి. ఏళ్ళ పనీ కన్సల్టెంట్ల ఖర్చూ అయ్యాక ఆ తలనొప్పి ఎవరు పెట్టుకుంటారు? పక్కన మామూలు ఇళ్ళున్నచోట భవనాల ఎత్తు కాస్త తగ్గించారు. ఆ రాత్రి వచ్చిన మార్పు దాదాపు అంతే.

ట్రాఫిక్ గురించి ఇంకో మాట. సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగాల్సి వస్తుందన్నది ఇప్పుడు ఆ నివేదికలో పర్యావరణ ప్రభావంగా లెక్కకు రాదు. 2013 నాటి చట్టం వల్ల, 2020 జూలై నుంచి రాష్ట్రమంతటా కార్లు మొత్తం ఎన్ని మైళ్ళు తిరుగుతాయన్నదే కొలత. ఆగే సమయం మీద సిటీ తన సొంత పాలసీ పెట్టుకోవచ్చు. అది కావాలంటే సర్క్యులేషన్ ఎలిమెంట్ రాస్తున్నప్పుడే అడగాలి.

వీసా సంగతికొస్తే, అస్సలు టెన్షన్ పడకండి. మాట్లాడటానికి ఓటు హక్కు అవసరం లేదు. బ్రౌన్ యాక్ట్ అనే రాష్ట్ర బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం మీటింగుకు రావడానికి పేరు నమోదు చేసుకోవాలని షరతు కూడా పెట్టకూడదు. యాస గురించి మొహమాటపడేవాళ్ళు మనలో చాలామంది, వాళ్ళు రాసి పంపితే ఇంకా మంచిది. ప్రభావ నివేదిక డ్రాఫ్టు మీద గడువులోగా, మామూలుగా 45 రోజుల్లో, పర్యావరణ విషయాల మీద పంపే కామెంట్లకు తుది నివేదికలో రాతపూర్వకంగా జవాబివ్వాల్సిందే. అందరూ ఒకే మెయిల్ కాపీ చేసి పంపితే మాత్రం పెద్దగా లాభం లేదు. మా స్టాఫ్ అలాంటివన్నీ కలిపి ఒక్క జవాబుతో సరిపెట్టారు. ఏ వీధి, ఏ స్థలం, డ్రాఫ్టులో ఏ పేజీ అని రాసినవాటికి విడిగా జవాబులొచ్చాయి.

ప్లాన్ పాసయ్యాక జోనింగ్ దానికి అనుగుణంగా ఉండాలి కాబట్టి ప్రభావం ఎక్కువ కాలం ఉంటుంది. అలాగని రాతిమీద గీత కాదు, తర్వాత సవరించవచ్చు. తప్పనిసరి ఎలిమెంట్లలో ఒక్కోదాన్ని మామూలుగా ఏడాదికి నాలుగుసార్లకు మించి సవరించకూడదు. అమలు ఎంతవరకు వచ్చిందో ఏటా ఏప్రిల్ 1కల్లా సిటీ రాష్ట్రానికి నివేదిక పంపాలి. దాన్ని చదివే నివాసులు చాలా తక్కువ, చదివి అడిగితే స్టాఫ్ కాస్త సర్దుకుని కూర్చుంటారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ఆ కార్డు మీదున్న ప్లానర్‌కు మెయిల్ రాసి ప్లాన్ ఏ దశలో ఉందో అడగండి. ఇంకా మ్యాపుల దగ్గరే ఉంటే వచ్చే వర్క్‌షాపుకు తప్పక వెళ్ళండి. ఈలోపు హౌసింగ్ ఎలిమెంట్‌లో కొత్త ఇళ్ళకు గుర్తించిన స్థలాల పట్టిక ఉంటుంది, పార్సెల్ నంబర్లతో, అంటే ఒక్కో స్థలానికీ ఉండే నంబర్లతో సహా. అందులో మీ వీధి చుట్టుపక్కలవి ఉన్నాయేమో చూసుకోండి. ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే అది ఇంకా ముందు చూడాల్సిన కాగితం.