‘ఏ సైలెంట్ వాయిస్’ సినిమాలో ముఖాల మీద ఆ ఇంటూ గుర్తులు ఎందుకు ఉంటాయి?

ఎదుటివాళ్ల ముఖాల మీది ఆ నీలిరంగు గుర్తులు మనకు కనిపిస్తున్నా, అవి ఉన్నది కథానాయకుడు షోయా ఇషిదా మనసులోనే. ఎవరి ముఖమూ చూడలేడు, ఎవరి మాటా వినడానికి ఇష్టపడడు. ఆ స్థితికి దర్శకురాలు నావోకో యమాదా 2016 నాటి ఈ జపాన్ యానిమేషన్ చిత్రంలో ఇచ్చిన రూపం అది. మూలమైన యోషితోకి ఓయిమా మాంగా (జపాన్ బొమ్మల కథ)లోనూ ఈ గుర్తులున్నాయి.

చిన్నప్పుడు ఇషిదా, వినికిడి లేని తోటి విద్యార్థిని షోకో నిషిమియాను దారుణంగా ఏడిపిస్తాడు. ఆమె వినికిడి యంత్రాలను లాగి పారేస్తాడు. విషయం బయటపడగానే, అంతవరకూ కలిసి నవ్విన పిల్లలే నేరమంతా అతని మీదకు నెట్టి వెలివేస్తారు. తనకు అదే తగిన శిక్ష అని నమ్మి, తలదించుకునే పెరుగుతాడు.

తోటి విద్యార్థి నాగాత్సుకాతో ఇషిదాకు స్నేహం కుదిరినప్పుడు, నాగాత్సుకా ముఖం మీది గుర్తు రాలిపోతుంది. తర్వాత స్నేహితులు దూరమైనప్పుడు గుర్తులు మళ్లీ వచ్చి అతుక్కుంటాయి. నాకు ఈ భాగమే చాలా నిజమనిపించింది. ఒక్క క్షమాపణతో అంతా సర్దుకుపోయినట్టు చూపించలేదు.

ఒక సైగను గమనించండి. చిన్నప్పుడు నిషిమియా ‘స్నేహితులమవుదామా’ అని చేతులతో అడిగితే ఇషిదాకు అర్థం కాదు, ఆమె మీదకు మట్టి విసురుతాడు. కొన్నేళ్లకు సంజ్ఞా భాష నేర్చుకుని వచ్చి, అదే సైగతో ఆమెను అడుగుతాడు.

చివర్లో, బడి ఉత్సవంలో, అతను తలెత్తగానే గుర్తులన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి. అంతవరకూ అణిగి ఉన్న జనం మాటలు చెవిన పడతాయి. అతను ఏడుస్తాడు.