కోశాధికారి పదవికి ఎవరూ ముందుకు రాకపోతే?

ప్రశ్న: మా కాలనీలో ముప్పై ఏళ్లుగా నడుస్తున్న పఠన మందిరానికి నేను కార్యదర్శిని. మాది రిజిస్టరైన సంఘం, సభ్యులు 64 మంది. మొన్నటి సర్వసభ్య సమావేశంలో మిగతా పదవులన్నీ ఏకగ్రీవమయ్యాయి గానీ, కోశాధికారి పదవికి ఒక్క నామినేషన్ కూడా రాలేదు. పన్నెండేళ్లుగా ఆ పని చేస్తున్న పెద్దాయన కంటి ఆపరేషన్ అయ్యాక ఇక తనవల్ల కాదన్నారు. సమావేశానికి రాని ఒకాయన పేరును అధ్యక్షులు ప్రకటించి చప్పట్లు కొట్టించారు. మర్నాడే ఆయన ఫోను చేసి కుదరదన్నారు. పత్రికల బిల్లు, కరెంటు బిల్లు నేనే చేతి డబ్బుతో కడుతున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆ చప్పట్ల సంగతి తేల్చండి. మనిషి ఒప్పుకోకుండా పదవి అంటగట్టడం ఎన్నిక కాదు. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కార్యవర్గం జాబితాను మీరు ఏటా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. వద్దన్న మనిషి పేరు అందులో రాస్తే అది తప్పుడు జాబితా అవుతుంది. ఆయన నిరాకరించారనీ, పదవి ఖాళీగా ఉందనీ మినిట్స్ పుస్తకంలో ఈ వారమే రాయండి.

తర్వాత మీ నియమావళి తీయండి. పదవీకాలం దగ్గర ఏముందో అక్షరం అక్షరం చదవండి. ‘రెండేళ్లు’ అని మాత్రమే ఉంటే ఒక సంగతి, ‘రెండేళ్లు, లేదా తర్వాతివారు ఎన్నికయ్యేవరకు’ అని ఉంటే మరో సంగతి. రెండో విధంగా ఉంటే పెద్దాయన పదవిలో ఉన్నట్లే. లెక్కలు ఇంకొకరు రాసిపెట్టి, చెక్కుల మీద ఆయన సంతకం మాత్రం తీసుకుంటే కొద్ది వారాలు గడుస్తాయి. ఖాళీలను కార్యవర్గమే నింపుకోవచ్చని ఉంటే సమావేశం పెట్టి, ఒప్పుకున్న ఒకరిని వచ్చే సర్వసభ్య సమావేశం వరకు తీసుకోండి. రెండూ లేకపోతే ఈ ఒక్క విషయం మీదే మళ్లీ సర్వసభ్య సమావేశం పిలవాలి.

అసలు ప్రశ్న వేరే ఉంది. 64 మందిలో ఒక్కరూ ఎందుకు రాలేదు? శ్రద్ధ లేకనా? నేనలా అనుకోను. రాజమండ్రిలో మా మహిళా మండలికి తొమ్మిదేళ్లు కోశాధికారిగా చేశాను. నేను దిగిపోయిన ఏడాది మాకూ ఇదే జరిగింది. అప్పుడు నా గుడ్డసంచీ బల్లమీద బోర్లించి చూశాను. రోజువారీ లెక్కల చిట్టా, పద్దులవారీగా లెక్క రాసే ఆవర్జా, మూడు రసీదు పుస్తకాలు, రబ్బరు బ్యాండు వేసిన కరెంటు బిల్లులు, చందా ఇవ్వనివారి పేర్లు రాసిన పాత క్యాలెండరు కాగితం. నెలనెలా ఇల్లిల్లూ తిరిగి చందా అడిగేదీ నేనే, బ్యాంకుకు వెళ్లేదీ నేనే, ఆడిటర్ ముందు కూర్చునేదీ నేనే. నలుగురి పని ఒక్క సంచీలో కుక్కి, ‘ఎవరైనా తీసుకోండమ్మా’ అంటే ఎవరు తీసుకుంటారు?

మా వీధిలో తపాలా కార్యాలయంలో పనిచేసి రిటైరైన ఒకావిడ ఉండేవారు. సమావేశంలో నోరు విప్పలేదు. నేను వాళ్లింటికి వెళ్లి అడిగితే, “లెక్క ఎంతైనా రాస్తాను గానీ, డబ్బు కోసం ఒకరి గుమ్మం ఎక్కలేనండీ” అన్నారు. అంతే, ముడి విడిపోయింది. వసూలు వీధికొకరికి అప్పగించాం. ఆవిడ ఏడాదికని ఒప్పుకున్నారు.

మీరూ అలాగే చేయండి. సభలో నిలబడి ‘ఎవరైనా ఉన్నారా’ అని అడగకండి, అందరూ పక్కవారిని చూస్తారు. బ్యాంకులోనో, బడిలోనో, కొట్లోనో లెక్కలు చూసిన ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని ఇంటికి వెళ్లండి. నెలకు ఎన్ని గంటల పనో, ఎన్ని నెలలో కచ్చితంగా చెప్పండి. ‘పెద్ద పనేం లేదు’ అని మాత్రం అనకండి. అది అబద్ధమని మీకూ తెలుసు, వారికీ తెలుసు. చందాలు క్యూఆర్ కోడ్ ద్వారా నేరుగా సంఘం ఖాతాలో పడే ఏర్పాటు చేస్తే సగం భయం పోతుంది.

ఇక మీ చేతి డబ్బు. మంచి మనసుతోనే పెడుతున్నారు, కాదనను. కానీ 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన కాలం నుంచీ మన పఠన మందిరాలు చందాల మీద, వాటికి లెక్క చెప్పేవారి మీద నమ్మకంతో నడిచాయి. లెక్కకెక్కని సొమ్ము, మీదైనా సరే, ఆ నమ్మకానికి చేటు. ఇంతవరకు కట్టిన బిల్లులన్నీ కార్యవర్గం ముందుపెట్టి, సంఘం మీకు బాకీ ఉన్నట్లు తీర్మానం రాయించుకోండి.

కొత్తవారు ఒప్పుకున్నాక సంతకాల మార్పు కోసం తీర్మానం ప్రతి, గుర్తింపు పత్రాలు తీసుకుని బ్యాంకుకు మీరూ వెంట వెళ్లండి. దానికి ముందు పెద్దాయన ఇంటికి కూడా ఇద్దరూ కలిసే వెళ్లండి. ఆవర్జా చివరి పేజీలోని నిల్వను, పాసు పుస్తకంలోని నిల్వను ఆయనకు వినిపించేలా చదివి సరిచూసుకుని, ఆ పేజీ కిందే ముగ్గురూ సంతకాలు చేయండి.