బేరమాడకుండా యాభై సెట్లు కావాలన్నవారిని నమ్మవచ్చా?

ముందు సూటిగా జవాబు: ఆ క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయకండి. ఆయన సైన్యాధికారి కాదు, యాభై సెట్ల జుంకాలు ఆయనకు అక్కరలేదు.

మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైనది ఇది. వైట్‌ఫీల్డ్‌లో ఇంట్లోనే టెర్రకోట నగలు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో అమ్ముతున్నారు. ఒకాయన ఫోన్ చేసి, తమ యూనిట్‌లో వేడుక ఉందని, బహుమతులుగా యాభై సెట్లు కావాలని, ధర ఎంతైనా పరవాలేదని అన్నారు. నమ్మకం కోసం గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘సైన్యంలో చెల్లింపుల పద్ధతి వేరు’ అంటూ తాను పంపిన కోడ్‌ను మిమ్మల్ని స్కాన్ చేయమంటున్నారు. ఇది మోసమా, లేక అనుమానపడి మంచి ఆర్డరు పోగొట్టుకుంటున్నారా అన్నది మీ సందేహం. ఇకముందు ఇలాంటివాటిని ఎలా పసిగట్టాలని కూడా అడిగారు.

నేను బెంగళూరులోనే విజయనగర్‌లో ఉంటాను. ఏటికొప్పాక, చన్నపట్న లక్కబొమ్మలు, దసరాకు కొలువు సెట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. మీకు వచ్చిన ఫోను నాకు ప్రతి ఏడాదీ దసరా ముందు వస్తుంది. గొంతు మారుతుంది, ఊరు మారుతుంది, కథ మాత్రం అదే. ఆ గుర్తింపు కార్డు మీద ఉన్న మనిషి నిజంగా ఉండవచ్చు. ఫోనులో మాట్లాడేవాడు ఆయన కాదు. ఆ ఫొటో అలా ఎంతమంది ఫోన్లకు వెళ్లిందో ఆ కార్డు అసలు యజమానికి కూడా తెలిసి ఉండదు.

ఈ మోసం అంతా ఒకే ఒక అపోహ మీద నిలబడి ఉంది: డబ్బు రావాలంటే మనం ఏదో ఒకటి చేయాలని. యూపీఐలో డబ్బు మన ఖాతాకు రావడానికి మనం స్కాన్ చేయనక్కరలేదు, పిన్ కొట్టనక్కరలేదు, ఏ లింకూ తెరవనక్కరలేదు. లావాదేవీలో పిన్ అడిగిందంటే డబ్బు మన ఖాతా నుంచి వెళ్తోందని అర్థం, తెర మీద ఏ మాట రాసి ఉన్నా సరే. ఇదివరకు ‘డబ్బు పంపుతున్నాను, ఒప్పుకోండి’ అని చెప్పి, నిజానికి డబ్బు అడిగే అభ్యర్థన పంపేవారు. వ్యక్తుల మధ్య అలాంటి అభ్యర్థనలను యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. క్యూఆర్ దారి మాత్రం తెరిచే ఉంది, ఎందుకంటే అక్కడ చెల్లించేది మనమే, మన చేత్తోనే. ముందుగా పది రూపాయలు పంపి ‘చూశారా, వచ్చిందా’ అని నమ్మించడం కూడా ఇందులో భాగమే. పది రూపాయల పెట్టుబడికి వాళ్లు ఆశించే రాబడి మీ ఖాతాలో ఉన్న మొత్తం.

ఇక ఎలా పసిగట్టాలన్నది. సాంకేతిక జాగ్రత్తలు తర్వాత చెబుతాను. నా అనుభవంలో వాటికంటే ముందు పనికొచ్చేది సంభాషణ. దొంగకు మన వస్తువు వద్దు. అదే వాడి బలహీనత. నిజంగా కొనేవారు వస్తువు గురించి విసిగిస్తారు. బొమ్మను పసిపిల్ల నోట్లో పెట్టుకుంటే రంగు దిగుతుందా, అంకుడు కర్రేనా, దశావతారాల సెట్టు ఎత్తు ఎంత, మా కొలువు మూడో మెట్టు మీద పడుతుందా అని అడుగుతారు. గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టులు కావాలంటే ఒక్కొక్కటి విడిగా ప్యాక్ చేస్తారా, పసుపు రంగు డబ్బాలు ఉన్నాయా అంటారు. చివరికి తప్పకుండా బేరమాడతారు. మన తెలుగువాళ్లు నలభై డబ్బాలు కొంటూ రేటు తగ్గించమని అడగకపోవడం నేను ఇంతవరకు చూడలేదు. ‘అన్నీ తీసుకుంటాను, ఎంతైనా ఇస్తాను’ అనే మాట వినగానే సంతోషం కలగడం సహజం. అక్కడే ఒక్క నిమిషం ఆగండి.

అందుకే పెద్ద ఆర్డరు వస్తే ధర మాట్లాడకముందే ప్రశ్నలు నేనే వేస్తాను. ఏ రంగు, ఏ సైజు, ఎవరికి, ఏ తేదీకి? తర్వాత చేతిపని కాబట్టి మూడు వారాలు పడుతుందని చెబుతాను. పెళ్లో, ఉపనయనమో ఉన్నవారికి తేదీ ముందే తెలుసు, వాళ్లు దాని చుట్టూ మాట్లాడతారు. దొంగకు మూడు వారాలు ఆగే ఓపిక లేదు. ‘ఇవాళే డబ్బు వేస్తాను, ఫోను పెట్టకండి, నేను చెప్పినట్టు చేయండి’ అంటాడు. మీ విషయంలోనే చూడండి: మట్టి ఆరాలి, కాల్చాలి, రంగు వేయాలి. యాభై సెట్లకు ఎన్ని రోజులు పడుతుందని కూడా అడగకుండా డబ్బు మాటకు వచ్చినవాడికి జుంకాలతో పనేముంది?

దీనికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టిన మోసం ఇంకొకటి ఉంది. ఇందులో డబ్బు నిజంగానే వస్తుంది. జయనగర్‌లో కలంకారీ సంచులు కుట్టి అమ్మే పరిచయస్తురాలికి ఆరు వేల రూపాయల ఆర్డరు వచ్చింది. ఖాతాలో పదహారు వేలు పడ్డాయి. వెంటనే ఫోను: ‘పొరపాటున ఎక్కువ వేశాను, పదివేలు ఈ నంబరుకు తిప్పి పంపండమ్మా’. ఆవిడ బ్యాంకు యాప్‌లో చూసుకుంది, డబ్బు ఉంది, నిజాయితీగా వెనక్కి పంపింది. కొన్ని వారాలకు ఆవిడ ఖాతా స్తంభించిపోయింది. ఆ పదహారు వేలు వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి లాగిన డబ్బట. బాధితులు ఫిర్యాదు చేస్తే డబ్బు ఏ ఖాతాల గుండా పోయిందో ఆ గొలుసంతా పోలీసులు, బ్యాంకులు చూస్తారు. ఆ గొలుసులో ఆవిడ ఖాతా ఒక మెట్టు అయింది. తాను అమాయకురాలినని నిరూపించుకోవడానికి బిల్లులు, చాట్‌లు, కొరియర్ రసీదులు పట్టుకుని తిరగాల్సి వచ్చింది. అన్నిటికంటే పెద్ద కష్టం, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు అన్నీ అదే ఖాతా నుంచి కట్టేది.

కాబట్టి ఎక్కువ డబ్బు పడితే, అవతలివారు ఎంత ఏడ్చినా, వేరే నంబరుకు తిప్పి పంపకండి. బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి, ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే బ్యాంకు ద్వారా వెనక్కి పంపమనండి. అలాగే వ్యాపారానికి వేరే ఖాతా తెరవండి. చిన్న వ్యాపారానికి అంత హంగు ఎందుకని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఏదైనా జరిగితే ఆగిపోయేది వ్యాపారం ఖాతా ఒక్కటే అయితే ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది.

ఇదే కథకు చవక రూపం, డబ్బు అసలు రాకుండానే వచ్చిందని నమ్మించడం. చెల్లింపు స్క్రీన్‌షాట్‌ను తయారుచేసి ఇచ్చే యాప్‌లు ఉన్నాయి కాబట్టి స్క్రీన్‌షాట్‌కు విలువ లేదు. సందేశమూ అంతే. బ్యాంకు సందేశం పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు, అక్షరాలతో ఉన్న శీర్షిక నుంచి వస్తుంది. 2025 నుంచి ఆ శీర్షిక చివర లావాదేవీల సందేశానికి ‘టీ’, సేవల సందేశానికి ‘ఎస్’, ప్రకటనలకు ‘పీ’, ప్రభుత్వ సందేశాలకు ‘జీ’ అనే అక్షరం ఉంటోంది. ఇదంతా గుర్తుంచుకోవడం కష్టమనుకుంటే బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూసుకోండి. అక్కడ కనిపించని డబ్బు ఇంకా రాని డబ్బే. సంతల్లో స్టాలు పెట్టినప్పుడు రద్దీలో ఇది కుదరదు కాబట్టి, డబ్బు పడగానే గట్టిగా చెప్పే సౌండ్‌బాక్స్ తీసుకున్నాను.

కంపెనీ పేరుతో దీపావళి బహుమతుల ఆర్డరు వస్తే జీఎస్టీ నంబరు అడగండి. పదిహేను అక్షరాలుంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పదీ పాన్ నంబరు. జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా ఆ నంబరు కొట్టి సంస్థ పేరు చూడవచ్చు. బెంగళూరు కంపెనీ అంటూ ఇచ్చిన నంబరు వేరే రాష్ట్రానిదైతే, ఎందుకని అడగాలి. అయితే ఒక మెలిక: జీఎస్టీ నంబరు రహస్యం కాదు, ప్రతి బిల్లు మీదా ఉంటుంది. నంబరు నిజమైనంత మాత్రాన ఫోను చేసినవాడు ఆ కంపెనీ మనిషని కాదు. ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉన్న ఫోను నంబరుకు మీరే చేసి, ఈ ఆర్డరు మీరే ఇచ్చారా అని అడగండి. మొహమాటపడకండి. నిజమైన కొనుగోలు విభాగం వారు దీనికి ఏమీ అనుకోరు.

‘కావలసిన డిజైన్లు ఈ ఫైల్‌లో ఉన్నాయి’ అంటూ వాట్సాప్‌లో వచ్చేవి కూడా చూసుకోవాలి. ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే అది బొమ్మ కాదు, యాప్. ఫొటో ఎప్పుడూ ‘ఇన్‌స్టాల్’ చేయమని అడగదు. డిజైన్ పంపాలనుకున్నవారు ఫొటో తీసి పంపగలరు.

కొరియర్ సంగతి క్లుప్తంగా. పేరు రాసినవి, రంగు మార్చి చేసినవి క్యాష్ ఆన్ డెలివరీకి ఇవ్వకండి. వెనక్కి వస్తే మరొకరికి అమ్మలేరు, పైగా రానుపోను ఖర్చు మీదే. ప్యాకింగ్ చేస్తూ, తూకం కనిపించేలా, చిరునామా చీటీ అంటించేవరకు కోత లేకుండా వీడియో తీయండి. ఖాళీ డబ్బా వచ్చిందనేవారికీ, వెనక్కి ఇస్తూ రాయి పెట్టి పంపేవారికీ అదే జవాబు. ‘మీ పార్సెల్ ఆగిపోయింది, స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబరు వేయండి’ అని ఎవరైనా చెబితే కొట్టవద్దు. అది మీ కాల్స్‌ను, వాటితోపాటు ఫోను ద్వారా చెప్పే ఓటీపీలను వాళ్లకు మళ్లించే కోడ్. 2024 ఏప్రిల్‌లో టెలికాం శాఖ ఇలాంటి కోడ్‌లను నిలిపివేయించింది గాని, కొట్టమని అడిగేవాడి ఉద్దేశం దానితో తేలిపోతుంది.

విదేశాల నుంచి కార్డుతో వచ్చే పెద్ద ఆర్డరులో ‘మా షిప్పింగ్ ఏజెంటుకు కూడా మీరే డబ్బు కట్టండి, దానికీ కలిపి కార్డులో తీసుకోండి’ అని ఉంటే వదులుకోండి. కార్డు దొంగిలించినదై, అసలు యజమాని అభ్యంతరం చెబితే మొత్తం సొమ్మును మీ నుంచి వెనక్కి తీసుకుంటారు. ఏజెంటుకు కట్టింది మాత్రం పోయినట్టే.

అడ్వాన్సు అడిగితే కొనేవారు పారిపోతారేమోనని కూడా రాశారు. కొందరు పారిపోతారు, నిజమే. వాళ్లవైపు నుంచి చూస్తే మనమూ ముక్కూమొహం తెలియనివాళ్లమే, డబ్బు తీసుకుని నగలు పంపనివాళ్లూ ఉన్నారు. అందుకని నేను సగం అడ్వాన్సు తీసుకుంటాను, పని నడుస్తుండగా ఒకసారి వీడియో కాల్‌లో బొమ్మలు చూపిస్తాను, మిగతా సగం పంపించే ముందు తీసుకుంటాను. ఇలా చూపించడం మొదలుపెట్టాక అడ్వాన్సు గురించి గొడవపడేవారు బాగా తగ్గారు.

ఒకవేళ ఎప్పుడైనా డబ్బు పోతే, సిగ్గుపడుతూ కూర్చోకండి. అదే గంటలో సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకూ చెప్పండి. డబ్బు ఇంకా గొలుసులో ఎక్కడో ఆగి ఉన్నప్పుడే దాన్ని పట్టుకోగలరు. లావాదేవీకి ఉండే పన్నెండంకెల నంబరు దగ్గర పెట్టుకోండి, చాట్ చెరిపేయకండి. ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. 2017 జులై నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం, మనవైపు గాని, బ్యాంకువైపు గాని తప్పు లేకుండా ఖాతా నుంచి డబ్బు పోయి, మూడు పనిదినాల్లో తెలియజేస్తే మనకు నష్టం ఉండదు. కానీ మనమే పిన్ కొట్టి ఉంటే, లేదా చెప్పి ఉంటే, తెలియజేసేదాకా పోయినది మన నెత్తినే పడుతుంది. తెలియజేశాక పోయేది మాత్రం బ్యాంకు బాధ్యత. అందుకే ప్రతి నిమిషానికీ విలువ ఉంది. ఆ తర్వాత ‘మీ డబ్బు రాబడతాం, ముందు రుసుము కట్టండి’ అంటూ వచ్చేవాళ్లు రెండో విడత దొంగలు.

ఇప్పుడు మీ సైన్యాధికారి సంగతి. కోపంగా మాట్లాడనక్కరలేదు, వాదించనక్కరలేదు. వ్యాపారం ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ పంపి, ‘సగం డబ్బు ఈ ఖాతాలో పడిన రోజు నుంచి మూడు వారాల్లో ఇస్తాను, స్కాన్ చేయను’ అని ఒక్క సందేశం పెట్టండి. చాలామటుకు అక్కడితో మాయమవుతాడు. తర్వాత ఆ నంబరును టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో, అనుమానాస్పద ఫోన్లపై ఫిర్యాదులు తీసుకునే చక్షు విభాగంలో నమోదు చేసి, బ్లాక్ చేయండి. నిజంగానే డబ్బు పడితే మాత్రం, అడిగినంతే పడిందో లేదో లెక్క చూసుకుని, ఆ తర్వాతే మట్టి కలపండి.