రోలో ఎవరి కొడుకు?

ప్రశ్న: ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ పాలకుడైన రోలోను ఒక టీవీ సీరియల్‌లో రాగ్నార్ అనే వైకింగు (స్కాండినేవియా సముద్ర దోపిడీదారు) నాయకుడికి సోదరుడిగా చూపించారు. అది నిజమేనా? అసలు అతడిది డెన్మార్కా, నార్వేనా? – ఒక పాఠకుడు

జవాబు: ఆ చుట్టరికం కథకులు కలిపినదే. రాగ్నార్ పేరుతో ముడిపడిన పారిస్ ముట్టడి 845లో జరిగింది. రోలో 925లో కూడా ఫ్రాంకుల (నాడు ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలినవారు) సేనలతో తలపడుతూనే ఉన్నాడు. ఎనభై ఏళ్ల ఎడంతో ఇద్దరు సోదరులు కత్తి పట్టారంటే నమ్మడం కష్టం.

ఇక పుట్టుక సంగతి. రోలో మనవడు మొదటి రిచర్డ్ ప్రోత్సాహంతో వంశచరిత్రకు పూనుకొని, 11వ శతాబ్ది తొలినాళ్లలో దాన్ని ముగించిన డూడో అనే మతాధికారి అతణ్ణి డెన్మార్క్ ప్రభువు కొడుకన్నాడు. 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రచయిత స్నోరి మాత్రం అతడు నార్వేలోని మోరె ప్రాంతపు ప్రభువు రోగ్నవాల్డ్ కొడుకు రోల్ఫ్ అనీ, ఏ గుర్రమూ మోయలేనంత భారీకాయుడు కావడంతో ఎక్కడికైనా నడిచే వెళ్లేవాడనీ రాశాడు. సొంత దేశపు తీరంలోనే పశువులను దోచినందుకు నార్వే రాజు హెరాల్డ్ అతణ్ణి వెళ్లగొట్టాడట. అలాంటి తోడేలును తరిమితే రేపు నీ మందకే చేటని తల్లి హిల్డ్ పద్యంలో హెచ్చరించిందట. కథ రసవత్తరంగానే ఉంది, కానీ రోలో పోయిన సుమారు మూడు వందల ఏళ్లకు రాసినది. డూడో కాలానికి దగ్గరివాడే అయినా పోషకుల మెప్పు కోసం రాసినవాడు. భూమి పుచ్చుకునే వేళ ఫ్రాంకుల రాజు పాదాన్ని ముద్దాడమంటే రోలో నిరాకరించి ఒక అనుచరుణ్ణి పురమాయించాడనీ, ఆ అనుచరుడు వంగకుండా నిలబడే పాదాన్ని నోటిదాకా ఎత్తడంతో రాజు వెల్లకిలా పడ్డాడనీ చెప్పింది ఈయనే.

నా మటుకు నేను ఈ రెండింటికన్నా 918 నాటి ఒక దానపత్రానికే ఎక్కువ విలువిస్తాను. ఫ్రాంకుల రాజు చార్లెస్ (ఇతనికున్న 'సింపుల్' అనే బిరుదుకు కపటం లేనివాడని అర్థం, తెలివితక్కువవాడని కాదు) ఒక మఠానికి భూములు ఇస్తూ, రాజ్యరక్షణ కోసం 'సీన్ నది నార్మన్లకు, అంటే రోలోకూ అతని అనుచరులకూ' ఇదివరకే ఇచ్చిన భాగాన్ని మినహాయించాడు. 911లో ఫ్రాన్స్‌లోని షార్త్ర్ పట్టణం వద్ద ఓడిన రోలోకు భూమి ఇచ్చి రాజు కుదుర్చుకున్న ఒప్పందానికి రోలో బతికుండగా పుట్టిన సాక్ష్యం ఇది. నదీముఖం మీదుగా వచ్చే తోటి వైకింగులను ఆపే కావలి పని దోపిడీదారుడికే అప్పగించడం అందులోని కిటుకు. అయితే ఆ పత్రంలో తండ్రి పేరు లేదు. కాబట్టి అతడు స్కాండినేవియా నుంచి వచ్చినవాడని నిస్సందేహంగా అనవచ్చు. నార్వే, డెన్మార్కుల్లో ఏదో ఒకటి తేల్చి చెప్పడం మాత్రం సాహసమే.

కొడుకు విలియం పుట్టుకలోనూ ఇదే చిక్కు ఉంది. డూడో అతణ్ణి బాయూ ప్రాంతపు ప్రభువు కూతురు పోపాకు పుట్టినవాడంటాడు; 942లో విలియం హత్య జరిగిన కొద్దికాలానికే వెలువడిన విలాపగీతం మాత్రం అతడు సముద్రానికి ఆవల, అన్యమతస్థుడైన తండ్రికీ క్రైస్తవురాలైన తల్లికీ పుట్టాడంటుంది. ఈ విలియం మునిమనవడి కొడుకే 1066లో ఇంగ్లండును జయించిన విలియం.

ప్రశ్న: డీఎన్ఏ పరీక్షతో దీన్ని తేల్చలేరా? – మరో పాఠకురాలు

జవాబు: ఆ ప్రయత్నమూ జరిగింది. రోలో మనవడు మొదటి రిచర్డ్, మునిమనవడు రెండవ రిచర్డ్‌లవిగా భావించిన అస్థికలున్న పెట్టెలను 2016లో నార్మండీలోని ఫెకాం మఠంలో తెరిచారు. కానీ ఎముకల వయసు తేల్చే కార్బన్ పరీక్షలో ఆ ఎముకలు రోలో పుట్టకముందే చనిపోయిన ఎవరివో అని తేలింది.