ఊరికి తిరిగొచ్చే దారి ఎవరి చేతిలో ఉంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు (ఈసారి విషయం: ప్రవాసం, బహిష్కారం)

ప్రశ్న: మా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తాతల నాటి నుంచీ ఇదే ఊరు. అయినా సంఘం సమావేశాల్లో ఎవరో ఒకరు లేచి ‘మనం ప్రవాసులం, సొంత గడ్డకు దూరమైనవాళ్లం’ అంటారు. నిజంగా మనం ప్రవాసులమేనా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: కాదమ్మా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అందులో కలిసింది. మీ తాతగారు ఎక్కడికీ వెళ్లలేదు, సరిహద్దే మీ ఇంటి అవతలికి జరిగింది. మీరు స్థానికులు, భాష రీత్యా అల్పసంఖ్యాకులు. పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పించే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. దాన్ని పట్టుకుని తెలుగు పంతులును అడగాల్సినవాళ్లు ‘మేం ప్రవాసులం’ అని మైకులో చెప్పుకుంటే, అడిగే గొంతు మనమే తగ్గించుకున్నట్టు.

మాటల మధ్య తేడా కూడా చూడండి. ప్రవాసం అంటే పరాయిచోట ఉండటం, అంతే. దాంట్లో బలవంతం లేదు. ఊరు కట్టుబాటు చేసి ఒక ఇంటిని దూరం పెడితే అది వెలి. డ్యాము కింద ఊరు మునిగితే నిర్వాసితులు. ఇక కాందిశీకుడు అన్న మాట ‘కాం దిశం’ నుంచి వచ్చింది. ‘ఏ దిక్కుకు పోను?’ అంటూ పరుగెత్తేవాడు అని. ఇంత ఖచ్చితమైన మాట మన దగ్గరుండగా పత్రికలవాళ్లు దాన్ని ఎందుకు వదిలేస్తున్నారో తెలియదు.

మీ ఊరి నుంచే ఒక ఉదాహరణ. పర్లాకిమిడిలో దశాబ్దాలు పనిచేసి, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, ఊరు ఒడిశాలో కలవడం ఇష్టంలేక 1936లో రాజమండ్రి వెళ్లిపోయారు. 1940లో కన్నుమూశారు. అది తనంతట తాను తీసుకున్న ప్రవాసం. బాధ పెద్దదే. కానీ మనసు మారి మర్నాడే బండెక్కి వచ్చినా ఆయన్ని ఆపేవాళ్లు లేరు. తిరిగి రావాలా వద్దా అన్నది ఇంకొకరు తేల్చే స్థితి వచ్చినప్పుడే మనం మాట్లాడుతున్న బహిష్కారం మొదలవుతుంది. కింది ఉత్తరం సరిగ్గా అలాంటిదే.

ప్రశ్న: మా తమ్ముడికి ‘తడీపార్’ (జిల్లా బహిష్కరణ) నోటీసు వచ్చింది. పాత కొట్లాట కేసులు రెండున్నాయి. జిల్లా వదిలి పొమ్మంటారా? ఎన్నాళ్లు? కాళేశ్వరంలో మా మేనత్త ఉంది. అక్కడ ఉండొచ్చా?
– ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: ముందు ఒకటి గమనించండి. వచ్చింది నోటీసు, ఉత్తర్వు కాదు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుని, భయపడి, హాజరు కాకుండా తప్పించుకుంటారు. కేసు అక్కడే పోతుంది.

తడీపార్‌కు ఆధారం 1951 నాటి మహారాష్ట్ర పోలీసు చట్టం. ముఠాలకు 55వ సెక్షన్, నేరం చేస్తాడన్న అనుమానంతో 56, ఇదివరకే శిక్ష పడినవాళ్లకు 57. మీ తమ్ముడి నోటీసులో ఏ సెక్షన్ రాశారో మొదట చూడండి. 56 అయితే రెండింటిలో ఒకటి ఉండాలి: అతని తిరుగుడు వల్ల మనుషులకో ఆస్తికో ప్రమాదం ఉందని, లేదా హింసతో కూడిన నేరం చేస్తున్నాడని, చేయబోతున్నాడని, పైగా సాక్షులు భయపడి ముందుకు రావడం లేదని. 59వ సెక్షన్ ప్రకారం ఆరోపణల సారాంశం రాతపూర్వకంగా ఇవ్వాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. సాక్షుల పేర్లు ఇవ్వరు, వాటికోసం పట్టుబట్టి సమయం పోగొట్టుకోవద్దు. వకీలును పెట్టుకోవచ్చు, మీ తరఫు సాక్షులను చూపొచ్చు. ప్రతి కేసుకూ విడిగా ఒక కాగితం తయారు చేయండి: ఏ సంవత్సరం, ఇప్పుడు ఏ దశలో ఉంది, కొట్టేశారా, బెయిలు షరతులు తప్పాడా లేదా. ఆ తర్వాత పని రుజువులు, ఇంట్లో అతని మీద ఆధారపడ్డవాళ్ల వివరాలు.

ఉత్తర్వు వస్తే గరిష్ఠం రెండేళ్లు. ఇక్కడ అధికారులు తరచూ తప్పు చేస్తారు. కారణం రాయకుండా రెండేళ్లూ వేసేస్తారు, లేదా ఎప్పుడో ముగిసిన కేసులను పట్టుకొస్తారు. 2022 జనవరిలో జాల్నా జిల్లాకు చెందిన దీపక్ డోంగ్రే కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఉత్తర్వునే కొట్టేసింది. మనిషి తన ఇంట్లో తనవాళ్లతో ఉండకుండా చేసే, ఒక్కోసారి కూడు కూడా పోగొట్టే ఉత్తర్వు కాబట్టి అరుదుగానే వాడాలని, పాత నేరానికీ ఇప్పటి ఉత్తర్వుకూ బతికున్న సంబంధం ఉండాలని చెప్పింది. ఆ తీర్పు ప్రతిని జవాబుకు జతచేయండి.

అప్పీలు 30 రోజుల్లో. ఉత్తర్వు మీదున్న తేదీ నుంచే లెక్కపెట్టుకుంటే గడువు దాటదు. ప్రభుత్వం తరఫున డివిజనల్ కమిషనర్ వింటారు. అక్కడా కాకపోతే మీకు బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఉంది.

కాళేశ్వరం తెలంగాణలో ఉంది కాబట్టి అక్కడ ఉండొచ్చు. గోదావరి ఆ ఒడ్డు నుంచి మీ ఒడ్డు కనిపిస్తుంది. అసలు కష్టం అదే. పండక్కో, అమ్మకు జ్వరమనో రాత్రిపూట వంతెన దాటి వచ్చినవాళ్లే ఎక్కువ దొరికిపోతారు. అనుమతి లేకుండా అడుగుపెడితే 142వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, అంటే ఇంకే నేరం చేయకపోయినా కొత్త కేసు. పెళ్లి, చావు, ఆసుపత్రి, కోర్టు వాయిదా ఏదైనా సరే, 62వ సెక్షన్ కింద ముందుగా తాత్కాలిక అనుమతి అడగండి. దరఖాస్తులో వచ్చే రోజు, వెళ్లే రోజు, ఉండే ఇల్లు రాసి, పెళ్లి కార్డో డాక్టరు చీటీనో జతచేయాలి. బాండు రాయమంటారు. అనుమతి కాగితం జేబులో లేకుండా వంతెన ఎక్కొద్దు.

ప్రశ్న: చలికాలంలో స్వెటర్లు అమ్మే టిబెటన్లు మన గజపతి జిల్లా చంద్రగిరి నుంచే వస్తారట. వాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టారు, ఒడియా మాట్లాడతారు. ఇంకా కాందిశీకులు ఎలా అవుతారు?
– ఒక బట్టల వ్యాపారి, బరంపురం

జవాబు: 1959లో దలైలామా లాసా విడిచి వచ్చాక వేలమంది వెనకే వచ్చారు. వాళ్లలో కొందరికి 1963లో చంద్రగిరి చుట్టుపక్కల స్థలం ఇచ్చారు. అప్పుడది మీ గంజాం జిల్లాయే, గజపతి 1992లో విడిపోయింది. మొక్కజొన్న పండిస్తారు. ఆ ఆదాయం ఏడాది పొడవునా చాలదు కాబట్టి లూథియానాలో స్వెటర్లు అరువుకు తెచ్చి ఊరూరా అమ్ముతారు. చలి ఆలస్యమైన ఏడు సరుకు మిగులుతుంది, అప్పూ మిగులుతుంది. మీరు వ్యాపారి కాబట్టి ఆ లెక్క మీకు వేరే చెప్పక్కర్లేదు.

వాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ సర్టిఫికేట్ అనే పుస్తకం ఉంటుంది. జాతీయత అన్నచోట ‘టిబెటన్’ అని ఉంటుంది. పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ తీసుకోవాలి, గడువు తీరకముందే రెన్యువల్ చేయించుకోవాలి. విదేశం వెళ్లాలంటే పాస్‌పోర్టు బదులు పసుపు అట్ట ఐడెంటిటీ సర్టిఫికేట్. సాగు చేసే భూమి సొంతం కాదు, అమ్ముకోలేరు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. అందువల్ల మన చట్టం దృష్టిలో వాళ్లు ప్రభుత్వం ఉండనిచ్చిన విదేశీయులు.

పుట్టుక విషయానికి వస్తే, 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా భారత్‌లో పుట్టినవాళ్లు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పుట్టుకతో పౌరులు. జులై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై ఉండాలి, 2004 డిసెంబరు నుంచి షరతు ఇంకా గట్టిపడింది. అంటే ఒకే క్యాంపులో, ఒకే మంత్రసాని చేతుల్లో, జూన్ 30 రాత్రి పుట్టిన బిడ్డ భారతీయుడు, తెల్లవారి పుట్టిన బిడ్డ విదేశీయుడు. ఆ జూన్ 30 బిడ్డకైనా పాస్‌పోర్టు ఇమ్మని ఢిల్లీ హైకోర్టు 2010లో, మళ్లీ 2016లో చెప్పాల్సి వచ్చింది. 2017లో విదేశాంగశాఖ ఒప్పుకుంది గానీ, రిజిస్ట్రేషన్ పుస్తకం వాపసు ఇవ్వాలి, సెటిల్‌మెంటులో ఉండకూడదు అని షరతులు పెట్టింది. ఆ షరతుల ప్రకారం అమ్మానాన్నలున్న ఇల్లు వదులుకుంటేనే దేశం దొరికేదన్నమాట. అందుకే హక్కు ఉండి కూడా అడగనివాళ్లున్నారు. కొందరికి కారణం ఇంకోటి: కాగితం మార్చుకుంటే తిరిగి వెళ్లాలన్న మాటనే వదులుకున్నట్టని భావిస్తారు. దాన్ని మొండితనం అనుకోవద్దని మా మనవి.

ప్రశ్న: మా అబ్బాయి గల్ఫ్‌లో ఉన్నాడు. పాస్‌పోర్టు సేఠ్ దగ్గరే ఉందట. రెండేళ్లయింది, ఇంటికి పంపడం లేదు.
– ఒక తల్లి, ఛత్రపురం

జవాబు: అమ్మా, భారత పాస్‌పోర్టు ప్రభుత్వ ఆస్తి, దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు సేఠ్‌కు లేదు. బాబు పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, పని ఒప్పందం మీ ఇంట్లో ఉన్నాయేమో వెతకండి. నకలు లేకపోతే కనీసం నంబరు, పుట్టిన తేదీ కావాలి. వాటితో విదేశాంగశాఖ ‘మదద్’ పోర్టల్‌లో మీరు ఇక్కడి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. ఫిర్యాదు నంబరు రాసుకుని బాబుకు పంపండి, దాంతో అతను భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. పాస్‌పోర్టు దొరకకపోతే వాళ్లు ఎమర్జెన్సీ సర్టిఫికేట్ ఇస్తారు. అది ఇంటికి రావడానికి ఒక్కసారి మాత్రమే పనికొస్తుంది. అయితే అది చేతికొచ్చినా ఆ దేశం వదిలే అనుమతి విడిగా తీసుకోవాలి. అక్కడ యజమాని ‘పారిపోయాడు’ అని కేసు పెట్టి ఉంటే ముందు దాన్ని తీయించాలి. అందుకే బాబును కోపంలో పని వదిలి బయటికి రావద్దని ఈ రోజే ఫోన్‌లో చెప్పండి. ఫిర్యాదు నమోదయ్యేదాకా హాజరు తప్పకుండా చూసుకోమనండి.