అన్నవాహిక ఆపరేషన్ తర్వాత కైల్ లీక్: మళ్లీ ఛాతీ తెరవకుండా మూసే మార్గం ఉందా?

అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్ జరిగిన మీ నాన్నగారికి ఛాతీ గొట్టం (డ్రెయిన్) లోంచి కైల్, అంటే కొవ్వు కలిసిన పాలలాంటి ద్రవం ఆగకుండా వస్తోందని, మళ్లీ ఆపరేషన్ చేసి నాళాన్ని కట్టేయాలంటున్నారని, వేరే మార్గం ఉందా అని అడిగారు. ఉంది. మా మామగారికి ఇదే ఇబ్బంది వచ్చినప్పుడు ఇంటర్వెన్షనల్ రేడియాలజీ వైద్యులు (స్కాన్‌లో చూస్తూ సూదులు, సన్నని గొట్టాలతో చికిత్స చేసేవారు) ఛాతీ తెరవకుండానే లీకును మూశారు. నేను వైద్యుణ్ణి కాను. పక్కన ఉండి చూసినదీ, అడిగి తెలుసుకున్నదీ రాస్తున్నాను.

పేగులు పీల్చుకున్న కొవ్వును రక్తంలోకి చేర్చే థొరాసిక్ డక్ట్ అనే శోషరస (లింఫు) నాళం వెన్నెముక ముందుగా, అన్నవాహికకు దగ్గరగా పైకి వెళ్లి మెడ ఎడమవైపు సిరలో కలుస్తుంది కాబట్టి, ఈ ఆపరేషన్‌లో అది దెబ్బతినే అవకాశం ఉంటుంది. దానికి సర్జన్ అజాగ్రత్తే కారణమనుకోనక్కరలేదు. మామగారికి మొదట డ్రెయిన్‌లో లేత పసుపు నీరే వచ్చి, పేగులోని గొట్టం ద్వారా ఫీడ్ మొదలుపెట్టాక తెల్లబడింది. రంగును బట్టి తేల్చలేరు కనుక ద్రవంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఎంత ఉన్నాయో చూస్తారు. డెసిలీటరుకు 110 మిల్లీగ్రాములు దాటితే అది కైలేనన్న అనుమానం బలపడుతుంది.

మామూలు కొవ్వులు ఆపి, శోషరస నాళాలతో పనిలేకుండా నేరుగా కాలేయానికి వెళ్లే రక్తంలో కలిసే ఎంసీటీ (మీడియం చైన్ ట్రైగ్లిజరైడ్) కొవ్వులు ఇవ్వడం, అవసరమైతే పోషణంతా సిర ద్వారానే ఇవ్వడం, కైల్ ప్రవాహాన్ని తగ్గించడానికి ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లు వేయడం మొదటి మెట్టు. కొందరికి దీంతోనే తగ్గుతుంది. మామగారికి తగ్గలేదు. రోజూ అంత ద్రవంతో పాటు ప్రోటీన్లూ, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలూ పోతుంటే మనిషి చిక్కిపోతాడు, ఇన్ఫెక్షన్లు పట్టుకుంటాయి. కాబట్టి ఊరికే ఎదురుచూడడం కూడా ప్రమాదమేనని నా అభిప్రాయం.

ఆయనకు చేసినది లింఫాంజియోగ్రామ్ (శోషరస నాళాలను ఎక్స్‌రేలో చూసే పరీక్ష), ఆ తర్వాత థొరాసిక్ డక్ట్ ఎంబొలైజేషన్ (నాళాన్ని లోపలి నుంచి మూసేయడం). అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గజ్జల్లోని లింఫు గ్రంథిలోకి సన్నని సూదితో లిపియోడాల్ అనే మందును చాలా నెమ్మదిగా ఎక్కించారు. అది అయోడిన్ కలిపిన గసగసాల నూనె అని విని మా అత్తగారు ఆశ్చర్యపోయారు. ఆ నూనె నాళాల వెంట పైకి పాకుతూ ఎక్స్‌రే తెరపై లీకు ఎక్కడుందో చూపిస్తుంది. ఒక్కోసారి ఆ నూనెతోనే లీకు మూసుకుపోతుంది కూడా. తర్వాత పొట్ట మీదుగా మరో సన్నని సూదిని నడుము వెన్నుపూసల ముందున్న శోషరస తిత్తిలోకి పంపి, అందులోంచి వెంట్రుకంత తీగ, దాని మీదుగా కెథెటర్ అనే సన్నని గొట్టం నాళంలోకి ఎక్కించి, లీకు దగ్గర లోహపు కాయిల్స్, జిగురు నింపి మూసేశారు. ఈ పద్ధతిని ఫిలడెల్ఫియాలో కాన్‌స్టాంటిన్ కోప్ అనే రేడియాలజిస్టు 1990లలో అభివృద్ధి చేశారు.

అందరికీ ఇది సాధ్యపడదు. తిత్తి కనిపించకపోయినా, నాళం మరీ సన్నగా ఉన్నా తీగ లోపలికి వెళ్లదు. అప్పుడు సర్జరీ అవసరం కావచ్చు, అయితే లీకు ఎక్కడుందో ముందే తెలియడం సర్జన్‌కూ మేలే. నూనె కొంత ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు కనుక ఆయాసం, గుండెలో రంధ్రం, అయోడిన్ అలర్జీ వంటివి ఉంటే ముందే చెప్పండి. కొందరికి తర్వాత కాళ్ల వాపు, విరేచనాలు రావచ్చన్నారు.

ప్రతి ఆసుపత్రిలోనూ ఇది చేసేవారుండరు. మీ సర్జన్‌ను నొప్పించకుండా, లింఫాటిక్ చికిత్సలు చేసిన ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు అభిప్రాయం తీసుకోవచ్చా అని, రోజువారీ డ్రెయిన్ లెక్క చేతిలో పెట్టుకుని అడగండి. మామగారికి డ్రెయిన్ బాగా తగ్గాక కూడా వెంటనే గొట్టం తీయలేదు. మామూలు కొవ్వు ఉన్న ఆహారం పెట్టి, ద్రవం మళ్లీ తెల్లబడలేదని చూసుకున్నాకే తీశారు.